ధర్మేంద్ర పేరున నింపిన ఫారం

మా హౌస్ సర్జన్లలో ఒకడి హాజరు ఇంకొకడు పలకడం తప్పు కాదు, స్నేహం. రాత్రీ పగలూ వార్డులో నిలబడి వచ్చి పడుకున్నవాడి పేరు పిలిస్తే పక్కవాడు పలుకుతాడు. ఆ అలవాటుతోనే ధర్మేంద్ర ఫారం నేను నింపాను. ఇది రెండువేల నాలుగులో, తిరుపతిలో మేం పనిచేస్తున్నప్పటి మాట.

ఫారాలు సైకియాట్రీ పీజీ వెంకటకృష్ణ సార్‌వి. కుర్ర డాక్టర్లు, ఇంటర్నెట్ వాడకం, దిగులు జబ్బు. ఇదీ ఆయన థీసిస్. "సాయంత్రానికి ముప్పై కావాలప్పా. పేర్లు రాయండి. తేడాగా కనిపించినోళ్ళను ప్రొఫెసరే పిల్చి మాట్లాడతాడు, బయటికి పొక్కదు" అన్నాడు. పంచి తిరిగి తెచ్చే పని నా నెత్తిన పడింది.

ధర్మేంద్రది పలమనేరు. నా గదిలోనే ఉండేవాడు. డ్యూటీ దిగితే చాలు, హాస్టల్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో దూరేవాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గంటల తరబడి చాటింగ్. అన్నం తిని పోరా అంటే, "ఆడ నన్నెవురూ తిట్టరు గిరీ" అనేవాడు. ఆరోజూ అక్కడే ఉన్నాడు. రోడ్డు దాటి పిలవడానికి నాకు బద్ధకం వేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. నిద్ర బాగా పడుతుందా? అవును. నెట్ ముందు రోజుకు ఎంతసేపు? అరగంట. చచ్చిపోవాలని అనిపిస్తుందా? లేదు. రెండు నిమిషాల్లో టిక్కులు పెట్టేశాను.

మర్నాడు వాడే అడిగాడు.

"నా ఫారం యాడ?"

"నేనే వేసేసినాను లేరా."

కాసేపు నా మొహం చూశాడు. "ఏమని?"

"గుండ్రాయి మాదిరి ఉండావని."

నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత మాత్రం, "ప్రొఫెసర్ ఎవుర్నన్నా పిల్చినాడా?" అని రెండుసార్లు అడిగాడు. తనంతట తాను సైకియాట్రీ ఓపీకి వెళ్తే తెల్లారేసరికి కాలేజీ అంతా పిచ్చోడని ముద్ర వేస్తుంది. వాళ్ళే పిలిస్తే థీసిస్ పని అనుకుంటారు. వాడు ఆ పిలుపు కోసం కాచుకున్నాడని నాకు తట్టలేదు. రోగి మొహం చూసి జబ్బు చెప్పాలని ఐదేళ్ళు చదివిన వెధవని నేను.

పదోరోజు నిద్రమాత్రలు మింగాడు. మధ్యాహ్నం గదికి వెళ్ళి నేనే చూశాను. మోసుకుని మా వార్డులోకే తెచ్చాం. బతికాడు.

వాళ్ళ నాయన గంగాధరం పొలం నుంచి వచ్చినట్టే వచ్చాడు, పంచెకు ఇంకా మట్టి ఉంది. ప్రొఫెసర్ ఆయన చేతిలో ఫారం పెట్టాడు. "మేము ముందే అడిగినాము పెద్దాయనా. ఏమీ లేదని మీవాడే రాసిచ్చినాడు. మేమేం చేసేది?"

ఆ కాగితాన్ని గంగాధరం తిప్పి తిప్పి చూశాడు. "అబద్ధం రాసినావా కొడుకా? వీళ్ళడిగినప్పుడన్నా చెప్పుకోకూడదా?"

మంచం మీది నుంచి ధర్మేంద్ర ఒకసారి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"అవును నాయనా, నేనే రాసినాను" అన్నాడు.

సెలైన్ అయిపోవస్తోంది. నేను తల దించుకుని సీసా మార్చాను.