కన్ను వేగం

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. వాన పడేలా కమ్ముకుంది, పడలేదు. వెలుగు రాలేదు గనుక వంటింట్లో దీపం వేసుకుని కూర తరిగాను. పాప బడి వేళ, మా ఆయన ఆఫీసు వేళ రెండూ ఆ నెలలోనే అరగంట ముందుకు జరిగాయి. భోజనం డబ్బాలకు అరగంట ముందే మూతలు పడాలి.

"ఇవాళా ఆలస్యమేనా?" అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "అందరికీ అరగంటే కదా జరిగింది. నీ ఒక్కదానికే ఎందుకు కుదరట్లేదు?"

లెక్క ప్రకారం ఆయన మాట నిజమే.

"ఆ ఉద్యోగం మానెయ్యి. ఇంట్లో కూర్చుని చేసేదేదైనా చూసుకో. సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చి చెప్పు."

"చేసేది ఆటలే కదా," అంది అత్తయ్య, టీ కప్పు అందుకుంటూ. "ఇంట్లో ఆడుకుంటే ఒప్పుకోరా ఏమిటి?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

మా ఆఫీసులో కొట్లాట గేములు చేస్తాం. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు, బయట ఇద్దరు మీటలు నొక్కుతుంటారు. ఎవరి దెబ్బకు ఎంత బలం, ఎంత వేగం ఉండాలో చూసి, ఒకరు మిగతావాళ్ళను మింగేయకుండా తూకం కుదర్చడం నా పని. మా గేమ్‌లో కొండంత మనిషి ఒకడున్నాడు, చేతిలో సమ్మెట. అది ఎత్తడానికి చాలాసేపు పడుతుంది, తగిలిందంటే సగం ప్రాణం పోతుంది. ఆఫీసులో వాడిని బండమామ అంటాం. సన్నటి ఆడమనిషి ఒకామె ఉంది, ఆమెను పిట్ట అంటాం. ఆమె తన్ను చిన్నది, కంటికి ఆనదు. సమ్మెట లేవడం చూసి పక్కకు తప్పుకుని, ఆ చిన్న తన్నులతోనే గెలుచుకొస్తుంది.

క్రితం వారం మా యజమాని పెద్దాయన గేమ్ వేగం పెంచమన్నాడు. చూసేవాళ్ళు ఆవలిస్తున్నారట. పెంచారు, అందరికీ ఒకే పాళ్ళలో. తూకం చెడలేదని ఆ రోజు సాయంత్రంలోగా నేను ఒప్పుకుంటే దాన్ని బయటికి వదిలేస్తారు.

గేమును ఆడి పరీక్షించే ఆయన్ని గడ్డం అని పిలుస్తాం. నేను వెళ్ళేసరికి తెర ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, పిట్ట పనైపోయింది. బండమామ చెయ్యెత్తాడంటే ఈకలు ఏరుకోవడమే."

"నువ్వు సరిగ్గా ఆడట్లేదేమో."

"నేనూ అదే అనుకున్నా. మొద్దుబారిపోతున్నానని మా ఆవిడతో కూడా చెప్పేశా. ఇందులో కొత్తేముందంది."

పిట్టను తీసుకుని నేనూ ఆడాను. ఓడిపోయాను. మళ్ళీ ఆడి మళ్ళీ ఓడాక మీటలు పక్కన పెట్టి, గడ్డం ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. మునుపు సమ్మెట లేవడం కన్ను చూసేది, చూసిన సంగతి వేలిదాకా వచ్చేది, వేలు మీట నొక్కేది, పిట్ట తప్పుకునేది. ఇప్పుడు కన్ను చూసేసరికే సమ్మెట దిగిపోతోంది. గేముకు వేగం పెంచాం, మనిషి కంటికి పెంచలేదు. పిట్ట తన్ను కూడా వేగం అందుకుంది, కాదనను. కానీ అది అంతకుముందే ఎవరికీ కనపడేది కాదు. కనపడనిదాన్ని ఇంకా వేగంగా చేస్తే ఒరిగేదేముంది? అందరికీ ఒకేలా పెంచాం, లాభమంతా ఒకడికే పోయింది. అక్కడ కూర్చునే ఇంటి సంగతి ఆలోచించాను. మా ఆయన అరగంట ముందు లేస్తున్నాడు, అరగంట ముందు పడుకుంటున్నాడు. ఆయన వరకు లెక్క సరిపోయింది. కూర మాత్రం తన వేగంతోనే ఉడుకుతుంది. పాప జుట్టు చిక్కులు వాటి తీరిక చూసుకునే విడిపోతాయి. రాత్రి గిన్నెలు ఎప్పటికి అయితే అప్పటికే. ఆ అరగంటను చేత్తో లాగి అతికించేది నేను. ఎంత వేగంగా అతికించినా ఆ పని ఎవరి కంటికీ ఆనదు, కూర మాడిన రోజున తప్ప.

పెద్దాయన గదిలోకి వెళ్ళి తూకం చెడిందన్నాను.

"అందరికీ ఒకేలా పెంచాం కదమ్మా. ఇందులో అన్యాయం ఎక్కడుంది?"

సమ్మెట గురించీ కన్ను గురించీ చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, చెంపకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నాడు.

"సరే. పిట్టను ఇంకాస్త గట్టిదాన్ని చేసెయ్. సరిపోతుంది."

మా కోడలు గట్టిది అని అత్తయ్య వచ్చినవాళ్ళందరి దగ్గరా అంటుంది. మొదటిసారి విన్నప్పుడు పొంగిపోయాను. ఆ వారమే పనిమనిషిని మాన్పించారు.

"పిట్టను ముట్టుకోనండీ. సమ్మెట లేవడానికి పట్టే సమయం పెంచుతాను."

"బండమామను ఆడేవాళ్ళు ఊరుకుంటారా? సగం జనం వాళ్ళే."

"ఊరుకోరు. అరుస్తారు."

"మరి పిట్టను ఆడేవాళ్ళు ఒక్కరైనా వచ్చి అడిగారా?"

"అడగరండీ. తమకే చేతకాలేదనుకుని ఆట మానేస్తారు."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కొన్నాళ్ళు చూద్దాం. గోల ముదిరితే నువ్వే సమాధానం చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను," అన్నాను.

రాత్రి భోజనానికి కూర్చున్నాక మా ఆయన అడిగాడు. "ఏం తేల్చావు?"

"మానను. రేపట్నుంచి పొద్దుటి వంట, డబ్బాలు మీవి. పాపను తయారు చేయడం నాది."

ఆయన అత్తయ్య వైపు చూశాడు. "నాకు టైమెక్కడుంది?"

"ఇంకాస్త ముందు లేవండి."

"నాకు వంటే రాదు కదా!"

"నాకూ మొదట్లో రాదు."

"ఆఫీసులో ఎవరో బాగా ఎక్కించి పంపారు," అంది అత్తయ్య, పళ్ళెం వైపు చూస్తూ.

"ఎవరూ ఎక్కించలేదు అత్తయ్యా. నేనే చూసుకున్నాను."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు నేనే ఏదో ఒక మాట అందుకునేదాన్ని. కూరలో ఉప్పు సరిపోయిందా అనో, బడిలో ఏం చెప్పారే అనో. దాంతో ముడి విడిపోయి అందరూ హాయిగా తినేవారు. ఆ మాట అప్పుడూ గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఇదీ నా పనుల్లో ఒకటేనని అది వచ్చాకే తెలిసింది. ఆ పూట ఆ పని చేయలేదు. నలుగురం అలాగే తిన్నాం.