నల్ల నూనె

మా ఆయన గడ్డి కోసే మిషన్‌లో నలభై రోజులు వరసగా నూనె మార్చారు. పొద్దున ఆయన మార్చిన కొత్త నూనెను మధ్యాహ్నం తీసేసి, మళ్ళీ పాతది పోసింది నేను.

ఆయన ముప్పై ఏళ్ళు పెద్ద పార్కులో మిషన్లు బాగుచేసిన మనిషి. వీధిలో అందరికీ మిషన్ల డాక్టరు. నేను ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని. ఆయన చేతుల జిడ్డు నా గుడ్డలకు అంటుతుందని కాపురమంతా పోట్లాడాను. ఆయన పనిచేస్తుంటే షెడ్డు గడప తొక్కేదాన్ని కాదు. ఇప్పుడు ఆ జిడ్డు నా గోళ్ళలో ఉంది. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు.

మతిమరుపు రెండేళ్ళ కిందట తాళంచెవులతో మొదలై, మనుషుల పేర్ల దాకా వచ్చింది. ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పారు. ఆ పేరు కూడా ఆయన సాయంత్రానికల్లా మరిచిపోయారు.

ఒకరోజు పొద్దున పెరటి తలుపు తీసి, "గడ్డి ఇంత పెరిగిందేమే? కోసేయాలి," అన్నారు. కోసే ముందు నూనె మార్చాలనేది ఆయన నియమం. మిషన్ బయటికి తోసుకొచ్చి, నూనె వేడెక్కి పలచబడేందుకు నాలుగు నిమిషాలు నడిపి ఆపారు. పొరపాటున మిషన్ స్టార్టు కాకుండా ప్లగ్గు తొడుగు పీకారు. గాలి ఫిల్టరు పైకి ఉండేలా మిషన్‌ను పక్కకు వంచి, పాత నూనెను పళ్ళెంలోకి వంపారు. కొత్తది పోస్తూ, "తాగవే తల్లీ, తాగు," అని డబ్బా అడుగున రెండుసార్లు తట్టారు. అంతా అయ్యేసరికి అలిసిపోయి, గడ్డి రేపు కోస్తానని వెళ్ళి పడుకున్నారు.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే తలుపు, అదే మాట. నూనె కొలిచే పుల్ల పైకి లాగి చూస్తే తేనె రంగులో మెరుస్తోంది.

"ఎవరు మార్చారే?"

"మీరే, నిన్న," అనేశాను. నా నోటికి ఎప్పుడూ తాళం లేదు.

ఆయన ఆ పుల్ల పట్టుకునే షెడ్డులోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. "పేర్లు పోతే పోయాయి. చేత్తో చేసిన పని కూడా పోయిందే నాకు," అని పసివాడిలా ఏడ్చారు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ మరుసటి పొద్దుటికి ఆయన ఆ ఏడుపూ మరిచిపోయారు. నేను మరవలేదు. ఆయన ఏడ్చిన రాత్రే తీర్మానించుకుని, పాత నూనె మిషన్‌లో పోసేశాను. ఆపైన రోజూ ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కొత్త నూనె తీసి దాని డబ్బాలో దాచి, పళ్ళెంలోని నల్లదాన్ని ఇంకో డబ్బాలోకి ఎత్తి మిషన్‌లో పోసేదాన్ని. మొదటిసారి ఫిల్టరు కిందికి వంచాను, నూనె అందులోకి దిగింది. మర్నాడు మిషన్ ఊరంతటికీ పొగ పెట్టింది. ఆయన చేసేది పొద్దునపూట దగ్గర నిలబడి చూసి, ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. గడ్డి మాత్రం కోయించలేదు. కోయిస్తే ఆయనకు పొద్దున లేచి చెయ్యడానికి పనేముంది?

నా కొంప ముంచింది ఆ గడ్డే. నలభయ్యో రోజు మధ్యాహ్నం పక్కింటి టీచరమ్మ వచ్చింది.

"అక్కయ్యా, గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. పాములు చేరితే ఎవరిది పూచీ?" అని మొదలుపెట్టి, తన మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళింది. ఆవిడ లేచేలోపే ఆయన నిద్ర లేచారు. ఇక ఆ రోజు నాకు సందు దొరకలేదు.

తెల్లవారి నేను ముఖం కడుక్కుని వచ్చేసరికే ఆయన పుల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. పుల్ల చివర తేనె రంగు.

"ఎవరు మార్చారే?"

ఈసారి నోటికి తాళం వేశాను. "నేనే," అన్నాను.

"నువ్వా? సూదిలో దారం ఎక్కించడం తప్ప నీకేం వచ్చే?"

"ఏం, బ్రహ్మవిద్యా?"

"అయితే ఏదీ, నా ముందు చెయ్యి చూద్దాం." బకెట్టు బోర్లించి, పరీక్ష పెట్టే మాస్టారులా కూర్చున్నారు.

చేశాను. నాలుగు నిమిషాలు నడిపాను. తొడుగు పీకాను. ఎటు వంచుతానా అని ఆయన మెడ చాచి చూస్తున్నారు. ఫిల్టరు పైకే వంచాను. "అబ్బో!" అన్నారు. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో నవ్వు చూసి నాకు పొగరెక్కింది. ఆ పొగరులోనే డబ్బా ఎత్తి పోస్తూ, "తాగవే తల్లీ, తాగు," అని అడుగున రెండుసార్లు తట్టాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

నేను డబ్బా మూత వెతకసాగాను.

"నువ్వు షెడ్డు వైపే రావు కదే. ఒక్కసారి చూస్తే రాదు ఇది. ఎన్నిసార్లు చూశావు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన మోకాళ్ళెత్తు గడ్డిని చూశారు. కొత్త నూనె డబ్బానూ, నల్ల నూనె డబ్బానూ చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గోళ్ళు చూశారు. ముప్పై ఏళ్ళు మిషన్లలో చేతులు పెట్టిన మనిషికి గోళ్ళలో నలుపు ఒక్కరోజుది కాదని ఇంకొకరు చెప్పాలా?

"నేను రోజూ మారుస్తున్నాను కదూ," అన్నారు మెల్లగా. "నువ్వు రోజూ నల్లది పోస్తున్నావు."

అవునని తలూపాను. మళ్ళీ గోడవైపు తిరుగుతారేమోనని భయపడ్డాను. ఆయన తిరగలేదు. చొక్కా అంచుతో నా బొటనవేలి గోరు తుడవసాగారు.

"సబ్బుకు పోదు ఇది. చక్కెరా వంటనూనే కలిపి రుద్దు, పోతుంది," అన్నారు. వేలు వదలకుండానే, "ఇదిగో, రేపు నేనెంత గుచ్చి గుచ్చి అడిగినా సరే, నాకు చెప్పొద్దు," అన్నారు.

"చెప్పను."

"ఒట్టు?"

ఆయన చేతిలో చెయ్యి వేసి బావురుమన్నాను. ఆయనే నన్ను ఓదార్చారు.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక వెళ్ళి నల్ల నూనె పోశాను. నలభై రోజులూ దొంగతనంగా చేసిన పనే. ఆ రోజు మాత్రం ఆయన చెప్పగా చేశాను. తేలికగా ఉంటుందనుకున్నాను. డబ్బా ఎత్తడానికే చేతులు రాలేదు.

మర్నాడు పొద్దున పెరటి తలుపు చప్పుడైంది.

"గడ్డి ఇంత పెరిగిందేమే? కోసేయాలి."

వెనకే వెళ్ళాను. నిన్నటిది ఒక్క ముక్కైనా మిగిలిందేమోనని ఆయన ముఖమంతా వెతికాను. పుల్ల పైకి లాగి, వేళ్ళ మధ్య నూనె రుద్ది చూసుకుని, నా వైపు తిరిగారు.

"బొగ్గులా ఉందే! దీన్ని మార్చి ఎన్నాళ్ళయింది?"

"చాలా రోజులైందండీ."

"మరి నాకు చెప్పొద్దూ?" అని ఆయన నన్ను కోప్పడ్డారు.