కాటుక తెగులు

హెలెన్ చేతిలోని కొడవలి లాక్కుని యలమందయ్య కాలవలోకి విసిరేశాడు.

"మీ కొడవళ్ళే ఈ తెగులు తెచ్చినయ్. రేపట్నుంచి పేట ఆడోళ్ళెవరూ ఈ గడ్డిలో కాలు పెట్టడానికి లేదు."

అది ఊరి పశువుల మేతకు వదిలిన పోరంబోకు. పాల సంఘం ప్రెసిడెంటు అయ్యాక యలమందయ్య దానికి కంచె వేశాడు. పేట ఆడవాళ్ళు అందులో కలుపు తీస్తే రోజూ తలా ఒక మోపు పచ్చిగడ్డి దక్కేది. ఆ మోపు మీదే వాళ్ళ గేదెలు బతుకుతున్నాయి.

గట్టు మీద గడ్డి మోపు కడుతున్న పేట మనిషి రెబ్కా అంతా చూసింది. హెలెన్‌ని ఇంటికి పంపి, తానొక్కతే సాలు వెంట సాలు నడిచింది. ప్రెసిడెంటు లారీలో తెప్పించిన పిలకలు నాటిన చోటల్లా కంకులు నల్లబడి, ముట్టుకుంటే కాటుకలా పొడి రాలుతోంది. కాలవ పక్కన, పాత దుబ్బుల పిలకలు తీసి పేటవాళ్ళు నాటిన ఆరు సాళ్ళు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

సాయంత్రం చర్చి ముందు జనం చేరారు.

"నల్లబడ్డ గడ్డీ, కాలవ పక్క ఆరు సాళ్ళూ, రెండూ కోసింది మన కొడవళ్ళే," అంది రెబ్కా. "తప్పు కొడవళ్ళదైతే ఆ ఆరు సాళ్ళెందుకు నల్లబళ్ళేదు? తెగులొచ్చింది ఆయన లారీలో."

ఊళ్ళో రైతుల వీధి నుంచి కోటేశ్వరి కూడా వచ్చింది. "ఆ గడ్డి మేసి మా గేదెలూ చిక్కిపోతున్నయ్. కానీ ఆయన్ని కాదంటే రేపు పాలు పోయించుకోడు. అప్పుడేం చేద్దాం?"

"ఒక్కదానివి కాదంటే పోయించుకోడు. ఊరంతా పొయ్యడం మానేస్తే ఆయనేం కొలుస్తాడు?"

"కంచె పీకడానికి మా ఇంట్లో గడ్డపారుంది. చీకటితోనే తెస్తా," అంది కోటేశ్వరి.

తెల్లారేసరికి కంచె నేలమట్టమైంది. నలభై మంది నల్లబడ్డ దుబ్బుల్ని వేళ్ళతో సహా తవ్వి గోతిలో పూడుస్తున్నారు. ఆ పొద్దు పాలకేంద్రానికి ఒక్క క్యానూ రాలేదు. పోరంబోకు దగ్గరికి మాత్రం పోలీసు జీపు వచ్చింది.

"సంఘం ఆస్తి నాశనం చేస్తున్నారని కంప్లైంటు. బయటికి రండి," అన్నాడు ఎస్సై.

"సంఘం ఆస్తని కాయితం చూపించమనండి సార్. ఊరి పోరంబోకులో తెగులు పీకుతున్నాం. అది నేరమైతే రాసుకోండి. నా పేరు రెబ్కా."

జీపు పక్కన నిలబడ్డ యలమందయ్య ఏ కాయితమూ తియ్యలేదు. అయినా రెబ్కానే జీపెక్కించారు. ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది.

"నల్లపొడి అంటిన కొడవళ్ళు కడక్కుండా మంచి సాళ్ళలోకి పోబాకండి. వాటి పిలకలు తీసి ఇయ్యాళే నాటాలి."

జీపు కదలకముందే హెలెన్ వంగి మొదటి పిలక నాటింది.

పొద్దు వాలేసరికి స్టేషన్ ముందు రోడ్డు నిండిపోయింది. నాట్లు ముగించి మట్టి చేతులతోనే వచ్చారు జనం. వాళ్ళలో రెబ్కా ఎరగని మొహాలూ ఉన్నాయి. ఒకామె లాకప్ కిటికీ చువ్వల దాకా వచ్చింది.

"నా పేరు అనీసా. మాది వాగవతల ఊరు. మా మేత పోరంబోకుకీ కంచె వేశారక్కా. నువ్వు బయటికొచ్చాక మేమూ దిగుతాం."

"నాకోసం ఆగబాకండి," అంది రెబ్కా. "పొద్దున్నే దిగండి. మావాళ్ళొస్తారు."