వంటింటి గోడ మీద దీపాలు

మీకు కళ్ళున్నాయి. బండిలో మీ ముందే పసుపు హెచ్చరిక దీపం వెలిగితే కనబడుతుంది కూడా. అయినా దాని మీద స్టిక్కరు అంటించి, ఏదో సెన్సారు చెడిందిలే అనుకుని, పిల్లల్ని ఎక్కించుకుని పోతారు. సిగ్గుగా లేదూ? కాసేపు కుదురుగా కూర్చుని తుడుపు మేస్త్రి అనే మెకానిక్కు సంగతి వినండి.

బస్సుల డిపోలో అతని పని రోజూ ఒకటే. దీపం వెలిగిన బస్సుకు చేతిపెట్టె తగిలించి, కంప్యూటరు చెప్పే లోపమేమిటో చదివి, చక్రం విప్పి బాగుచేయాలి. అతను చదవడం వరకే చేసేవాడు. తరవాత చెరిపే మీట నొక్కేవాడు. దీపం ఆరేది. పుస్తకంలో "సరిచేయడమైనది" అని సంతకం పెట్టి టీకి వెళ్ళేవాడు.

అక్కడ ఆరిన దీపం అతని వంటింటి గోడ మీద వెలిగేది, కింద బస్సు నంబరుతో సహా. పొయ్యి పైన రెండు, గిన్నెల అల్మారా పక్కన ఐదు, అలా పెరుగుతూ పోయాయి. కరెంటు పోతే పక్కింటావిడ కూరలు తరుక్కోవడానికి అక్కడికే వచ్చేది. గోడ తుడవలేక భార్యకు మాత్రం ప్రాణం విసిగిపోయింది. ఆమె ఏడో నంబరు బస్సు డ్రైవరు.

ఒక వానాకాలం పొద్దున ఆమె కళ్ళకెదురుగా కొత్త దీపం వెలిగింది. చక్రం జారకుండా బ్రేకును పట్టి వదిలే కంప్యూటరుది. కింద నంబరు ఏడు.

"ఇది నా బండిది," అందామె.

"తెలుసులే. నాలుగుసార్లు చెరిపాను."

"చెరిపారు సరే, విప్పి చూశారా?"

"చూడ్డానికి ఒక పూట పడుతుంది. బండి బయటికి రాకపోతే సూపర్‌వైజరు నా ప్రాణం తీస్తాడు. దుమ్మేదో పట్టుంటుంది."

"గోడ మీద దుమ్ము నేను రోజూ తుడవడం లేదూ? మీకేం రోగం?"

డిపోలో ఆమె మొత్తుకుంటే సూపర్‌వైజరు పుస్తకం తెరిచి చూపించాడు. సంతకం మీ ఆయనదేగా అన్నాడు.

పళ్ళు కొరుక్కుంటూ ఆమె బస్సు తీసింది, వాలు రోడ్డు మీద దాన్ని నడక వేగంతో దించింది. సగం వాలులో బ్రేకు పట్టింది, వదిలింది, మళ్ళీ పట్టలేదు. బస్సును పక్కగోడకు రాపాడించి ఆపింది. నలభైమంది దిగి నడిచి వెళ్ళారు. స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి ఆమె మణికట్టు విరిగింది.

కట్టుతో ఇంటికొచ్చి చూస్తే గోడ మీద ఆ దీపం లేదు. మేస్త్రి గుండె మీద, చొక్కాలోంచి వెలుగుతోంది. చేతిపెట్టె ఆనించి మీట నొక్కాడు. ఆరింది. పది అడుగులు వేసేసరికి మళ్ళీ వెలిగింది.

మర్నాడు బస్సు ఎక్కబోతే డ్రైవరు అతని గుండె వైపు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "దీపం వెలుగుతుంటే బండి కదలకూడదు మేస్త్రిగారూ. డిపో గేటు మీద రాసింది మీరేగా."

ఆ రోజు నుంచి చక్రం విప్పకుండా అతను ఏ బండినీ వదల్లేదు. గోడ మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గుండె మీదది ఆరలేదు. పదకొండేళ్ళుగా రెండు గంటలు నడిచి పనికి పోతున్నాడు. పొద్దున ఏడు గంటలకు అదే వాలు దగ్గర ఏడో నంబరు బస్సు ఎదురవుతుంది. భార్య వేగం తగ్గిస్తుంది, అతని చొక్కా వైపు ఒకసారి చూస్తుంది, తలుపు తెరవకుండా వెళ్ళిపోతుంది.