జెర్లిన్ గోడలోని తలుపు

ఆదివారం చర్చి ముగియగానే హెర్బర్ట్ కూతురు ఏంజెలీనా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు చతికిలబడుతుంది. ఎక్కడో అమెరికా దక్షిణాన, పత్తి పండే ఊళ్ల కుటుంబాల నవలలంటే ఆమె పడిచస్తుంది. అందులో ఒక పిచ్చి పెదనాన్న, నోరు విప్పని మేనత్త ఉండాలి. లేకపోతే అట్ట కూడా తిప్పదు. పుస్తకాన్ని నాంపల్లి ఇంటికి తెచ్చుకుని, పరాయివాళ్ల గుట్లన్నీ చదివి, అన్నాల దగ్గర కమ్మగా చెబుతుంది.

సొంత ఇంట్లో మాత్రం గోడలకు తలుపులు మొలుస్తాయి. ఎవరేది దాస్తే వాళ్ల గోడకు ఒకటి. హెర్బర్ట్ సిగరెట్లు మొదలుపెట్టినప్పుడు బీరువా వెనక పిల్లి దూరేంత తలుపు వచ్చింది. కుటుంబ ప్రార్థనలో ఒప్పుకున్నాక పూడుకుపోయింది. వాళ్లుండే సందులో ఎవరికీ ఇది వింత కాదు. సున్నం వేసేవాడు కూడా, తలుపులకు రంగు వేరే కొనాలా అని మాత్రమే అడుగుతాడు.

హెర్బర్ట్ చెల్లెలు జెర్లిన్ బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్లి చేసుకోలేదు. ఆమె మంచం వెనక తలుపు ఏంజెలీనా పుట్టిన ఏడాది వచ్చింది. దాని మీద హెర్బర్ట్ చర్చి క్యాలెండర్ తగిలించాడు. ఏటా క్యాలెండర్ మార్చాడు గాని తలుపు సంగతి అడగలేదు. అడగకపోవడమే మర్యాదని ఆ ఇంటి నమ్మకం. ఆ మర్యాదతోనే ఆయన సంఘ పెద్ద కూడా అయ్యాడు.

సికింద్రాబాద్ నుంచి సుజిత్ సంబంధం వచ్చింది. తండ్రి పోయాడు, తల్లితో వచ్చాడు. ఏంజెలీనా చెప్పే నవలల కథలు చివరిదాకా విన్న మొదటి మనిషి అతనే. ఆమెకు అంతకన్నా ఏం కావాలి? పెద్దలు అబ్బాయి ఉద్యోగం అడిగారు, బాప్తిస్మం అడిగారు, పోయినాయన పేరు అడగలేదు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు, దగ్గుతారు. మొదటి ఆదివారం అయ్యగారు "కీర్తిశేషులు సామ్ సుందర్ గారి కుమారుడు సుజిత్" అని చదివినప్పుడు జెర్లిన్ కూడా దగ్గింది. ఇంటికి వచ్చేసరికి ఆమె తలుపు దూలం దాకా పెరిగి ఉంది, క్యాలెండర్ నేల మీద ఉంది. రెండో ఆదివారం తర్వాత ఆమె మంచాన్ని నడిగదిలోకి లాక్కుంది. మా ఆడబిడ్డకు ఆ గదిలో గాలి ఆడుతలేదని హెర్బర్ట్ భార్య ప్రేమలీల అడగనివాళ్లకు కూడా చెప్పింది.

ఆ వారమే ఏంజెలీనా ఒక నవల మూసి విసుక్కుంది. "వీళ్లకు బుద్ధి లేదత్తా. అంతా తెలిసినోళ్లు ఆఖరి పేజీ దాంక నోరు తెరవరు."

జెర్లిన్ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "భయమేమో."

"దేనికి?"

"చదివేటోళ్లు పుస్తకం అవతల పడేస్తరని."

మూడో ఆదివారం పొద్దున వీధి తలుపు లేదు. అది ఉన్నచోట నున్నటి గోడ. టై కట్టుకుని వచ్చిన హెర్బర్ట్ ఆ గోడను నిమిరి చూసి, ప్రకటనకు ఆలస్యమవుతుందని విసుక్కున్నాడు. బయటికి పోవడానికి మిగిలింది జెర్లిన్ తలుపొక్కటే. ఆయన తోశాడు. ప్రేమలీల భుజం పెట్టింది. కదల్లేదు.

"జర నువ్వు తియ్యి జెర్లిన్."

"తీస్తే నా బిడ్డ పెళ్లి ఆగుతది అన్నా."

నా బిడ్డ అన్న మాటకు మొగుడూ పెళ్లాలు తలలు దించుకున్నారు. అంతమటుకు వాళ్లకు తెలుసు. ఏంజెలీనాకే తెలియదు.

"తండ్రి ఎవరని మీరెన్నడూ అడగలే," అంది జెర్లిన్. "సామ్ సుందరే. ఆ పిలగాని తండ్రే."

తలుపు దానంతటదే తెరుచుకుంది. అవతల రోజూ ఉండే సందే, చాయ్ వాసన, స్టేషన్ నుంచి రైలు కూత. ఏంజెలీనా ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఇంటి పిల్లే కదా. గడప మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. తర్వాత జెర్లిన్ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. తలుపు తెరిచే ఉన్నా మిగతా ఇద్దరూ కదల్లేదు.

చర్చిలో అయ్యగారు మూడోసారి చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అన్నాడు. జనం దగ్గడానికి సిద్ధమయ్యారు. ఏంజెలీనా లేచి నిలబడింది.

"మా అమ్మకు అభ్యంతరముంది అయ్యగారూ."

చర్చి అంతా ప్రేమలీల కూర్చునే చోటికి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. వెనక వరసలో జెర్లిన్ కొంగు సర్దుకుని లేచింది.