పదిహేడో పేజీలో సముద్రం

నేను ఒక రబ్బరు స్టాంపును. నా ముఖం మీద ఉన్నది ఒకే ఒక్క మాట: ముసాయిదా. బస్టాండు ఎదుటి సందులో స్టాంపులు చేసే నర్సయ్య నన్ను కోసి, కర్ర పిడికి అతికించి, "ముసాయిదా అంటె నాల్గు రోజుల ముచ్చటే గద. దీనికి గట్టి పిడి ఎందుకు?" అంటూ విశ్వవిద్యాలయం అటెండరు చేతిలో పెట్టాడు. పాపం, ఆయనకు విశ్వవిద్యాలయాల సంగతి తెలియదు.

నేను చేరింది ప్రణాళికా విభాగంలో. వచ్చే పదేళ్ళలో యూనివర్సిటీ ఏమైపోవాలో ఆలోచించే చోటు అది. వైస్ ఛాన్సలర్ మారినప్పుడల్లా కొత్త ప్రణాళిక మొదలయ్యేది. ఒకరు దానికి 'దిశ' అని పేరు పెడితే ఇంకొకరు 'శిఖరం' అనేవారు. అట్ట మీద సూర్యోదయం బొమ్మ మాత్రం మారేది కాదు. కమిటీలు కూర్చునేవి, సమోసాలు వచ్చేవి, పేజీ పేజీ నెత్తినా నేను పడేదాన్ని. ప్రణాళిక పూర్తయ్యేలోపు అయ్యగారి పదవీకాలం పూర్తయ్యేది. మనుషులకు భవిష్యత్తంటే మహా ఇష్టం, అది ముసాయిదాగా ఉన్నంత కాలం మరీ ఇష్టం. నాకేం, చేతినిండా పని.

నన్ను వాడేది సూపరింటెండెంటు ఖైరున్నీసా బేగం. మిగతావాళ్ళు నన్ను కాగితం మీద గుద్దేవారు. ఆమె మాత్రం ప్యాడు మీద మెల్లగా అద్ది, పేజీ అంతా చదివి, అప్పుడు వేసేది. చదవని కాగితం మీద ముద్ర వేయడం ఆమె ఒంటికి పడదు. ఆమె చెయ్యంటే నాకు ప్రాణం.

ఒక ఏడాది కొత్త వైస్ ఛాన్సలర్‌గా పట్టుదల మనిషి ఒకాయన వచ్చాడు. ప్రణాళిక రాసే పని పట్నంలోని సలహాదారులకు అప్పగించాడు. నెల తిరక్కుండా నూట నలభై పేజీలు వచ్చిపడ్డాయి. అందులో పదిహేడో పేజీ, మగ్గం నేత సాయంకాలపు డిప్లొమాను మూసేయమంది. పగలంతా మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళు సాయంత్రం వచ్చి కొత్త డిజైన్లు నేర్చుకునే కోర్సు అది. దాన్ని పన్నెండేళ్ళుగా నడుపుతున్న దూడం భూమేశ్ సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"బేగం అక్కా, రేపు పాలకమండలిల పాసైతె మావోళ్ళకు ఇంకో బడి లేదు. జర సూడరాదే" అన్నాడు.

"నా చేతిల ఏమున్నది భూమేశూ? నేను ముద్ర కొట్టేదాన్ని" అంది ఆమె. అంది గానీ, ఆ పేజీ తీసి మళ్ళీ మొదటి నుంచి చదివింది. చదువుతూ చదువుతూ కళ్ళజోడు సర్దుకుంది. అక్కడ ఇలా ఉంది: "తీరప్రాంత యువత చేపల వేట వైపు మొగ్గు చూపుతున్నందున మగ్గం నేత డిప్లొమాలో ఏడుగురే చేరారు. కావున మూసివేయవచ్చును."

మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. సలహాదారులు ఎక్కడో తీరాన ఉన్న ఇంకో విశ్వవిద్యాలయానికి రాసిన కాగితాన్నే, వలల అల్లిక తీసేసి మగ్గం నేత పెట్టి, మాకు పంపారన్నమాట.

బేగం ఆ పేజీ పట్టుకుని డీన్ వేణుమాధవరావు గారి గదికి వెళ్ళింది. ఆయన మంచివాడే, గొడవలంటే బీపీ పెరుగుతుంది. "అయ్యో, చిన్న పొరపాటమ్మా. ఆ తీరప్రాంతం, ఆ చేపలు తీసేసి తుది ప్రతి కొట్టించు" అన్నాడు.

"మాట తీసేస్తె సముద్రం పోతది సార్. కింద ఆ ఏడుగురు ఎవరి పిల్లలు? మన దగ్గర ముప్పై నలుగురు సదువుతున్నరు."

"పొద్దున్నే మీటింగమ్మా! ఇప్పుడవన్నీ ఎందుకు?"

తుది ప్రతికి నా ముద్ర ఉండకూడదన్నది మా ఆఫీసు రివాజు. ఆమె నూట ముప్పై తొమ్మిది పేజీలను శుభ్రంగా కొట్టించి, పదిహేడో పేజీని ఉన్నదున్నట్టు ఉంచి, దాని మీద ప్రతి కాపీలోనూ నన్ను అద్దింది. ఫైల్లో నోటు రాసింది: "పదిహేడవ పేజీలోని సముద్రము మన పరిధిలో లేదు. పరిశీలనార్థము." అంత గట్టిగా ఆమె నన్నెప్పుడూ నొక్కలేదు. పై అధికారి మాట కాదనడమే అది. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది మరి.

మర్నాడు పాలకమండలిలో ఒక పెద్దమనిషి "ఇదొక్కటే ముసాయిదా ఏమిటి?" అని ఆ పేజీని పైకి చదివాడు. సగం సభ నవ్వింది. వైస్ ఛాన్సలర్ మాత్రం నవ్వలేదు, నోటు రెండుసార్లు చూసి, "పదిహేడు తప్ప మిగతాది ఆమోదం. ఆ పేజీ పరిశీలించి మళ్ళీ పెట్టండి" అన్నాడు. భూమేశ్ వరండాలోనే ఏడ్చేశాడు.

ఆ పేజీ మా సెక్షనుకే తిరిగొచ్చింది. ఎవరూ అడగలేదు, బేగం పెట్టలేదు. ఆరేళ్ళు గడిచాయి. ప్రణాళికలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళాయి, నాకు పని పోయింది. డిప్లొమాలో ఇప్పుడు ఆడపిల్లలే సగం.

పదవీ విరమణ రోజున ఆమె కొత్త సూపరింటెండెంటు గంగాధర్‌కు సొరుగులు అప్పజెప్పింది. అతను ఆ కాగితం తీసి, "ఇదేంది మేడం?" అన్నాడు.

"పరిశీలనల ఉన్నది."

"ఎప్పటిదాకా?"

"మనూరికి సముద్రం వచ్చేదాంక."

గంగాధర్ పేజీ మొత్తం చదివాడు. కాగితాన్ని సొరుగులో పెట్టి, ఎగిరిపోకుండా నన్ను దాని మీద పెట్టి, తాళం వేశాడు.