బెల్లం తిన్న మాట

రోజూ పొద్దున్నే దేవ్లా నీడ మీద చెత్త ఊడ్చాకే ద్వాలి పొయ్యి వెలిగిస్తుంది. పైకప్పు పడని ఇంటి ముందు ఆ నీడ రెండేళ్లుగా అలాగే పరుచుకొని ఉంది. ఎండాకాలం కోళ్లు దాంట్లోనే పడుకుంటాయి. మనిషి ఎందుకూ కొరగాకపోయినా నీడైనా కోళ్లకు పనికొచ్చిందని ద్వాలి ఎత్తిపొడుస్తుంది.

మణుగూరు అడవి అంచున ఉన్న ఆ తండాలోనే కాదు, ఖమ్మం దాకా ఇది తాతల నాటి నుంచి ఉన్నదే. బెల్లం తిని మాట ఇచ్చినవాడి నీడ, మాట నెరవేరేదాకా ఎదుటివాళ్ల వాకిట్లోనే ఉండిపోతుంది. సంబంధం ఖాయమైన పిల్లవాడు పెళ్లిదాకా నీడ లేకుండా తిరుగుతుంటే మరదళ్లు ఆటపట్టిస్తారు. పెళ్లినాడు అది తిరిగొచ్చి కాళ్లకు అంటుకుంటుంది.

దేవ్లా ద్వాలికి వరుసకు అన్న కొడుకు. పెట్టుబడులు పెట్టించే కంపెనీలో ఏజెంటు. ద్వాలి మొగుడు రామ్‌సింగ్ బొగ్గుగనిలో రిటైరై డబ్బు చేతికొచ్చిన నెలలోనే టై కట్టుకొని దిగాడు.

"గంధం తోటల యూనిట్లు మామా. బ్యాంకుల ఏసినట్టే. ఎప్పుడు కావాల్నంటె అప్పుడు తీస్కోవచ్చు. గీడ సంతకం చెయ్."

ఏం రాసి ఉందో చదవమనడానికి రామ్‌సింగ్‌కు నోరు రాలేదు. మేనల్లుణ్ణి అనుమానించినట్టు ఉండదూ! చదివించే బదులు బెల్లం తెప్పించాడు. దేవ్లా నమిలి మింగాడు. నీడ వాకిట్లో పడింది గానీ నీళ్లు కలిపిన కల్లులా పల్చగా ఉంది. మబ్బు పట్టిందేమో అనుకున్నాడు పిచ్చి మారాజు. అప్పటికే ఎన్ని వాకిళ్లలో బెల్లం తిని ఆ నీడను తుంచి పంచి వచ్చాడో ఆ మేనల్లుడు.

భద్రాచలంలో ఉద్యోగం చేసే కూతురు సంగీత ఆదివారం వచ్చి ఆ కాగితాలు చదివి గొల్లుమంది.

"బాపూ, పదేండ్ల దాంక పైసలు చేతికి రావని ఉంది. తోటలు ఎండితె మొత్తం పోతయట. రిటైరైనోళ్లకు గిట్లాంటియి అంటగడ్తరా ఎవలన్న? రద్దు చేస్కునేతందుకు ఇంకా గడువుంది. జల్దీ పంపుదాం."

"బెల్లం తినిపిచ్చినంక ఎనకకు తగ్గుతరా బిడ్డా? తండాల తలెత్తుకోవాల్నా వద్దా?"

గడువు దాటిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. గనిలో తనతో కలిసి పనిచేసిన కోయ బొజ్జయ్యకు, భూమి పోయినందుకు పరిహారం వచ్చి ఉంది. మంచి సంగతి దోస్తుకు చెప్పకుండా ఎలా ఉంటాడు? బూర్గంపాడు దగ్గరున్న బొజ్జయ్య పల్లెకు రామ్‌సింగ్ తానే బెల్లం పట్టుకెళ్లాడు. "నీ పైసలకు జిమ్మేదారి నాది అన్నా" అని తిన్నాడు. బొజ్జయ్య డబ్బూ ఆ తోటల్లోకే వెళ్లింది. రామ్‌సింగ్ నీడ అక్కడే వదిలేసి పాట పాడుకుంటూ ఇంటికొచ్చాడు.

ఏడాది తిరిగేసరికి తోటల కంపెనీకి తాళం పడింది. దేవ్లా ఫోను ఎత్తడం మానేశాడు. రిటైరవగానే గని క్వార్టర్ ఖాళీ చేసి వచ్చిన ముసలి జంట, లేచిన గోడల మీద టార్పాలిన్ కప్పుకొని ఉంటున్నారు. సంగీతే తిరిగి తిరిగి, దేవ్లా పనిచేసిన కంపెనీ మీద ఫిర్యాదు పెట్టింది. ఖమ్మంలో విచారణకు పిలుపొచ్చింది. ఇది గెలిస్తేనే ఇంటికి కప్పు.

"ఈయన బాగా అనుభవమున్న ఇన్వెస్టర్ మేడం. ఎంత రిస్కయినా పర్వాలేదని ఫారంలో ఒప్పుకున్నాడు" అన్నాడు కంపెనీ వకీలు.

"గది దేవ్లా నింపిండు మేడం. నాకు బొగ్గు తప్ప ఏం తెల్వది" అన్నాడు రామ్‌సింగ్.

విచారణ చేసే మేడం నమ్మినట్టే తలాడించింది. సంగీత గుండె కుదుటపడింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చింది. వకీలు నేలకేసి చూశాడు. కుర్చీ నీడ ఉంది, దాంట్లో కూర్చున్న మనిషి నీడ లేదు.

"పెద్దాయనా, మీ నీడ ఎవరి వాకిట్లో ఉంది?"

సంగీత తండ్రి చెయ్యి గట్టిగా నొక్కింది. ఒక్క అబద్ధం చాలు.

"బొజ్జయ్య ఇంట్ల" అన్నాడు రామ్‌సింగ్.

"ఏమని మాటిచ్చారు?"

"నీ పైసలు యాడికీ పోవని."

వకీలు ఫైలు మూసి కూర్చున్నాడు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఏమీ తెలియనివారైతే ఇంకొకరికి హామీ ఎలా ఇచ్చారండీ?" అంది, నిజంగానే బాధపడుతూ. ఫిర్యాదు కొట్టేశారు. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చన్నారు గానీ, అక్కడా అడిగేది అదేనని సంగీతకు తెలుసు.

రామ్‌సింగ్ ఇంటికి పోలేదు. ఎండ తగ్గకముందే బస్సు దిగి బొజ్జయ్య వాకిట్లో నిలబడ్డాడు. తన నీడ అక్కడ బొగ్గులా నల్లగా, చిక్కగా, ఒక్క అంచు కూడా చిరగకుండా ఉంది. బొజ్జయ్య, అతని భార్య భీమక్క దాంట్లో కూర్చొని బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతున్నారు. పొలం పోయాక వాళ్లకు మిగిలిన కూలి అదే.

"గెలువలే అన్నా. నీ ముచ్చట అడిగిండ్రు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన."

బొజ్జయ్య చేతిలో ఉన్న కట్ట పూర్తిచేశాడు.

"అవ్. నువ్వు అబద్దమాడవని తెల్సే గద పైసలిచ్చిన" అన్నాడు.

రామ్‌సింగ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టినా బాగుండేది.

"ఎండల నిలబడ్డవేంది, కూసో" అంటూ భీమక్క పక్కకు జరిగింది. అతను తన నీడలోనే కూర్చున్నాడు. అది కదల్లేదు, కాళ్లకు అంటుకోలేదు. కాసేపటికి ఆకుల మూటలో చెయ్యి పెట్టి తనూ కట్టలు కట్టడం మొదలుపెట్టాడు.

"రోజూ వస్త అన్నా" అన్నాడు తల దించుకొని.

ఆ మాటకు ఎవరూ బెల్లం తేలేదు.